అడవి అంచున శాంతయ్య కావలి

శాంతయ్యకు పేరు చెప్పి అడవిలోకి పోయినవాడు మరునాడు ఫారెస్టోళ్ళకు చిక్కుతాడని ఆళ్ళగడ్డ చుట్టుపక్కల చెప్పుకునేవాళ్ళు. పేర్లన్నీ చీటీ రాసి రేంజరుకు పంపుతాడట. బడి మానేసి కట్టెలకు పోవడం మొదలుపెట్టిన ఏడాది, డెబ్బై ఆరులో, లూదియా ఈ మాట విన్నది.

శాంతయ్యకున్న పిచ్చి ఒకటే: నల్లమల ఇంకా సరిహద్దే అనుకోవడం. వెనకటి కాలంలో ఆ అడవికి ఈవైపు ఒక రాజు, ఆవైపు ఇంకో రాజు. వచ్చీపోయేవాళ్ళను లెక్కపెట్టే కావలి తమ పెద్దలదట. అందుకని తెల్లారేసరికి దారిలో బండ మీద కూర్చుని కర్ర అడ్డం పెట్టేవాడు.

"ఎవురు? ఏ ఊరు? ఎప్పుడొస్తావ్?"

మేకను తోలుకొస్తే మేక పేరూ అడిగేవాడు.

"రాజు యాడుండాడప్పా ఇప్పుడు?" అని కట్టెలకు పోయే మత్తయి ఎగతాళి చేస్తే, "రాజు పోతే పోయె. అడివి పోయిందా?" అనేవాడు.

చీటీ భయంతో అందరూ చచ్చిపోయినవాళ్ళ పేర్లే చెప్పేవాళ్ళు. చచ్చినవాణ్ణి రేంజరు పట్టుకోలేడు గదా! శాంతయ్య లెక్కన రోజూ సగం సమాధుల తోట కట్టెలకు పోయేది.

ఆ రోజు లూదియా తలెత్తకుండా, "సువార్తమ్మ" అంది. నిరుడు పోయిన అవ్వ పేరు. "పొద్దు గుంకేలోపల వస్తా."

పొద్దు గుంకింది. ఎండు కట్టెల కోసం పక్కకు జరిగి జరిగి లూదియా దారి తప్పింది. ఎటు చూసినా ఒకే చెట్టు మళ్ళీ మళ్ళీ ఎదురొచ్చి నిలబడినట్టుంది. పొదలో ఏదో కదిలి ఆగింది. చిరుతే అనుకుని కొడవలి ఎత్తింది. కొడవలి చేతిలోంచి జారి పొదలో పడింది. అప్పుడు వినపడింది.

"సువార్తమ్మా... ఓ సువార్తమ్మా!"

చచ్చిన అవ్వను అడవి పిలుస్తోంది! లూదియా నోట్లో ఓణీ కుక్కుకుంది. గొంతు దగ్గరికొచ్చేకొద్దీ చెట్టు మొదట్లో ఇంకా ముడుచుకుంది. పిలుపు ఆమెను దాటి ముందుకు పోయింది కూడా.

"సువార్తమ్మా, నీ గుంత తవ్వింది నేనే, నువ్వు రావని నాకు తెల్సులే! నీ పేరు చెప్పిన పాప యాడుందో, దాన్నన్నా పంపు!"

అంత భయంలోనూ లూదియాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుకు శాంతయ్య అదిరిపడి కర్ర వదిలేశాడు.

"దొంగ పేరని తెలిసీ ఎట్ల వదిలితివి తాతా?"

"పేరు దొంగదైతే ఏందీ? లోపలికి పోయింది మనిషే గదా."

ఇద్దరూ దారికొచ్చేసరికి బండ మీద ఒకే ఒక గులకరాయి మిగిలుంది. లోపలికి పోయిన ప్రతి మనిషికీ ఒకటి పెట్టి, తిరిగొస్తే తీసేసేవాడు. ఆ చివరిదీ విసిరేసి, మధ్యాహ్నం తినాల్సిన సంగటి మూట అప్పుడు విప్పాడు.

లూదియా ఉండబట్టలేక అడిగింది. "మరి చీటీ ఎప్పుడు రాస్తావు?"

"ఏం చీటీ?"

శాంతయ్యకు ఓనమాలు రావు.