చర్చి గుమ్మం దగ్గర బకెట్టు

మా చిన్నప్పుడు మిరపకాయ కోతల్లో ప్రార్థనంటే భయంగా ఉండేది... కళ్ళు మూసుకోవడానికి కాదు, తెరిచాక పొరపాటున చేత్తో తుడుచుకుంటామేమోనని.

గుంటూరుకి గంట దూరంలో మా పల్లె. కోతల కాలంలో సగం మంది కల్లాల నుంచి తిన్నగా చర్చికే వచ్చేవాళ్ళు. అందుకని మా పాస్టరు అయ్యగారు గుమ్మం పక్కన బకెట్టు నీళ్ళు, సబ్బు ముక్క, సత్తు గిన్నెలో మజ్జిగ పెట్టేవారు. తాగడానికి కాదు... చేతుల మంటకి. ఎవరూ అడగలేదు, ఆయన చెప్పుకోనూ లేదు.

ఆయన ప్రసంగం మాత్రం... మొదటి మాట దగ్గర దగ్గు, రెండో మాట దగ్గర కళ్ళజోడు వెతుక్కోవడం. "అయ్యగారు మొదలెడితే గోడ మీద బల్లి కూడా కునుకు తీసుద్దిరా" అనేవాడు మా మావయ్య.

ఒక ఏడు మావయ్యా, అతని స్నేహితులూ పట్టుబట్టి బయటి నుంచి ఒక ప్రసంగీకుణ్ణి పిలిపించారు. చర్చి చాలదని కల్లం పక్కనే షామియానా. మైకు, ట్యూబులైట్లు, ఇస్త్రీ మడత నలగని తెల్ల బట్టలు...

మా సలోమి పిన్నికి క్షయ వచ్చిందీ ఆ ఏడే. ఆసుపత్రి మాత్రలు ఏడాదిన్నర మింగాలన్నారు. నాలుగు నెలలైంది. దగ్గు తగ్గింది కానీ ఒళ్ళు పట్టలేదు. అమ్మమ్మకి ఓపిక సన్నగిల్లుతోంది.

ఆ సాయంత్రం అందరూ కోతల నుంచి తిన్నగా షామియానాలోకే వచ్చి కూర్చున్నారు. అక్కడ బకెట్టు లేదు. ప్రసంగీకుడు గొంతు పెంచాడు. ముందు వరసలో ఒకావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది... ఆ పక్కావిడ... ఆ వెనకావిడ. తుడుచుకున్నకొద్దీ ధారలు! అమ్మమ్మా ఏడ్చింది. అదే కొంగుతో నా మొహం తుడిస్తే నేనూ ఏడ్చాను.

"చూడండి, పరిశుద్ధాత్మ దేవుడు దిగి వచ్చాడు!" అన్నాడాయన. అమ్మమ్మ దగ్గర ఆగాడు. "అమ్మా, నీ ఇంట్లో రోగి ఉందా?"

"ఉందయ్యా... మా చిన్నకూతురు."

"నీ కన్నీరు దేవుడు చూశాడు. రేపటి నుంచి మాత్ర ముట్టనివ్వకు. ముట్టిందా, నీకు విశ్వాసం లేనట్టే."

తెల్లారి అమ్మమ్మ గూట్లోంచి మాత్రల పొట్లం తీసి పొయ్యి దగ్గరికి నడిచింది. పిన్ని గోడకి ఆనుకుని చూస్తోంది.

నేను కళ్ళు నులుముకుంటూ అడిగాను. "అమ్మమ్మా, నీకు మంట తగ్గిందా? నాకింకా తగ్గలా."

"మంటేంటే?"

"నిన్న కొంగుతో తుడిచావుగా... అప్పట్నుంచీ."

అమ్మమ్మ దండెం మీది నిన్నటి చీర అందుకుని కొంగు వాసన చూసింది. ఠక్కున తుమ్మింది. అక్కడే కూలబడింది.

"ఆయనంటే ఊరుగాని ఊరోడు. నాకేమొచ్చింది రోగం? నలభై ఏళ్ళ నుంచి మిరపకాయ కోస్తన్నానే!"

నిజంగా కూడా ఏడ్చే ఉంటుంది. అందులో ఘాటెంతో, దుఃఖమెంతో ఆవిడకే తెలియలేదనుకుంటా.

పొట్లం పట్టుకునే అయ్యగారి దగ్గరికి వెళ్ళింది. వెనకే నేను. ఆయన బకెట్టు నింపుతున్నారు.

"మాత్రలు ఆపితే విశ్వాసమా, మింగితే విశ్వాసమా, అయ్యగారూ?"

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "మింగనీ అమ్మా. ప్రార్థన నేనెటూ మానను. అయినా నా ఒక్కడి మాట మీద ఉండకు... పద, డాక్టరు గారినే అడుగుదాం" అని సైకిలు తీశారు, పిన్నిని వెనక కూర్చోబెట్టుకుని బస్సు దాకా తీసుకెళ్ళడానికి.

ఆపొద్దన్నారు డాక్టరు గారు, పిన్ని ఏడాదిన్నరా మింగింది. ఇప్పటికీ ఉంది. మాతో గొడవలు పడుతూ, మనవళ్ళని తిడుతూ. ఆ షామియానా కన్నీళ్ళని గొప్ప ఉజ్జీవమని, దేవుడే ఊరిని కదిలించాడని చెప్పుకునేవాళ్ళూ మా పల్లెలో ఉన్నారు. నేను వాదించను.

చదువుకున్నాను, నాలుగు ఊళ్ళు మారాను, ఎక్కడా కుదురుగా ఉండలేదు. ప్రతి ఊళ్ళోనూ కొత్త చర్చి, కొత్త అయ్యగారు. ఇప్పుడైతే ఫోను తెరిస్తే చాలు... ఏడ్చే జనం, ఏడిపించే గొంతులు. నా కళ్ళు మాత్రం ముందు గుమ్మం పక్కకే పోతాయి, అక్కడేమైనా ఉందా అని. చాలా చోట్ల చెప్పుల స్టాండు ఉంటుంది...

మీ ఊళ్ళో, ఎవరూ అడగకుండానే బకెట్టు నింపి పెట్టిందెవరు?