కావలిమనిషి గొంతు

స్టూడియోలో అందరూ ఆమెను కేకలక్క అనేవారు. డబ్బింగులో పదిహేనేళ్ల అనుభవం, అందులో సగం చావుకేకలే. వీడియో గేముల్లో ఎవరు గోడ మీంచి పడ్డా, మంటల్లో చిక్కుకున్నా ఆ గొంతు ఆమెదే. పేరు తెచ్చింది మాత్రం ఒక కోట ఆట. అందులో ఆమె గేటు దగ్గరి కావలిమనిషి. ముఖం కనబడనివ్వని ఇనుపటోపీ. మాటలు నాలుగంటే నాలుగు. చావులు అరవై రెండు. అన్నీ ఒక్కరోజులో రికార్డు చేసేసరికి వారంపాటు గొంతు పెగల్లేదు. ఆఖరి కేకలో, రాసివ్వని మాట ఒకటి ఆమె నోట వచ్చేసింది: "అమ్మా!" బాగుందని ఉంచేశారు.

ఇంట్లో ఆమె, తల్లి ఇద్దరే. తల్లికి మతిమరుపు ముదిరింది. పైవాటాలోకి రిటైరైన లెక్కల మాస్టారు వచ్చాక చిక్కొచ్చిపడింది. ఆయనకు పొద్దుపోయేది ఆ ఆటతోనే. సాయంత్రం ఆరయ్యేసరికి పైనుంచి "అమ్మా!" అని వినబడేది. ముసలావిడ మంచం దిగి తలుపు దగ్గరికి పరుగెత్తేది.

"నేనిక్కడే ఉన్నానమ్మా, చూడు."

"నువ్వు కాదే. పైన పిల్లనేదో చేస్తున్నారు."

ఆ గొంతు తనదేనని ఎన్నిసార్లు చెప్పినా తల్లి నమ్మలేదు.

చివరికి మెట్లెక్కి మాస్టారికి సంగతి చెప్పింది. ఆయన నొచ్చుకున్నారు.

"ఆ కావలిమనిషిని చంపితే గాని గేటు తెరుచుకోదమ్మా. నాకూ అదోలాగే ఉంటుంది," అన్నారు. ఆ రోజు నుంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నారు.

ఇల్లు సద్దుమణిగింది. మూడోరోజుకు తల్లి తిండి తగ్గించేసింది.

"పిల్ల అరవడం మానేసింది. పోయినట్టుందే," అంది.

ఆ వారమే ఆ ఆటను యానిమేషన్ సీరియల్‌గా తీశారని, కావలిమనిషికి మళ్లీ ఆమే గొంతివ్వాలని కబురొచ్చింది. కథ చదివి ఆమె తెల్లబోయింది. కావలిమనిషికి టోపీ తీసేశారు. ఇల్లుంది, మోకాళ్ల నొప్పులున్నాయి, వంటకు వంకలు పెట్టే అత్తగారుంది. చావు లేదు.

"ఆటలో ఆవిడ అడ్డం, అక్కా. అడ్డం తొలిగితేనే ఆడేవాడు ముందుకెళ్తాడు," అన్నాడు దర్శకుడు. "సీరియల్ చూసేవాడు చేతులు కట్టుకుని కూర్చుంటాడు. వాడికి మనిషి కావాలి."

"వచ్చేశాను, ఆకలేస్తోంది" అన్న ముక్కకి పదిహేడు టేకులు పట్టాయి. ప్రతిసారీ గొంతు చివర్లో కేకలోకి జారబోయేది.

మొదటి భాగం వచ్చిన రోజు తల్లిని టీవీ ముందు కూర్చోబెట్టింది. కావలిమనిషి కాపలా ముగించి, చెప్పులు విడిచి, ఇంట్లోకొచ్చి ఆ మాట అంది. తల్లి నవ్వింది.

"చూశావా, ఇంటికొచ్చేసింది," అంది కూతురు ఆశగా.

"వచ్చింది. మంచిపిల్లలాగే ఉంది. ఎవరి పిల్లో పాపం," అంటూ తల్లి మళ్లీ పైకి చూసింది.

సీరియల్ బాగా ఆడింది. కొట్లో ఆమె గొంతు విని జనం ఆగి పలకరించేవారు. ఇంట్లో తల్లి మాత్రం చిక్కి సగమైంది. రెండు వారాలు చూసి, ఆమె మళ్లీ మెట్లెక్కింది.

"మాస్టారూ, ఇక హెడ్‌ఫోన్స్ తీసేయండి."

ఆయన వాటిని సొరుగులో పెట్టేశారు.

మర్నాడు ఆరింటికి పైనుంచి కేక వినబడింది. "ఉంది, ఉంది," అంటూ తల్లి పళ్లెం దగ్గరికి లాక్కుంది. కూతురు పక్కన కూర్చుని వడ్డించింది.