యజమాని తేలని పటం

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడింటికీ కలిపి నన్ను పురావస్తు నమోదు అధికారిగా వేశారు. నూరేళ్లు దాటిన శిల్పమో విగ్రహమో చిత్రమో ఎవరి ఇంట్లో ఉన్నా పరీక్షించి, కొలిచి, ఫొటోలు తీయించి, యజమాని పేరిట ధ్రువపత్రం ఇవ్వడం ఆ పదవి పని. చాలామంది భయపడుతున్నట్టుగా చట్టం ఈ వస్తువులను లాక్కోదు. ఎవరైనా ఉంచుకోవచ్చు. దేశం దాటించకూడదు, చేతులు మారితే మాకు చెప్పాలి. మరీ అవసరమైతే ప్రభుత్వం పరిహారమిచ్చి సేకరిస్తుంది.

నేను సొంత ఆస్తి పక్షం వాణ్ణి. గొప్ప కళ గొప్ప ఇళ్లలోనే బతుకుతుందని మా ఇంట్లో అనేవారు. దొరతనం నాటి మా కోట ఇల్లు, గడీ, ఇప్పుడు ఎరువుల గోదాము. అక్కడి చిత్రాలు మేం అమ్ముకున్నవి కావు. అంతకు మించి ఆ సంగతి ఇక్కడ అవసరం లేదు.

ఆ ఏడు జనగామ వ్యాపారి నరహరి ఒక పటం నమోదుకు దరఖాస్తు పెట్టాడు. పటమంటే కథ చెప్పేవాళ్లు వెనక వేలాడదీసి, బొమ్మ తర్వాత బొమ్మ విప్పుతూ చూపించే పొడవాటి గుడ్డ. ఇది నేతవారి కులపురాణం. నరహరి హాల్లో పరిస్తే ఎదురుగోడ దాకా వెళ్లి, ఇంకా సగం చుట్టలోనే ఉండిపోయింది. అంత మంచి పటం మా శాఖ మ్యూజియంలో కూడా లేదు.

"గోడకు పట్టది సార్. ముక్కలు కోయించి అద్దాలు కట్టిస్త" అన్నాడు నరహరి. ఫ్రేములవాడు అప్పటికే కొలతలు తీసుకుపోయాడు. విచారణ ముగిసేదాకా ముట్టుకోవద్దని రాసిచ్చాను. సొంతదారుగా నమోదైతే ఆ తర్వాత ఆపడం కష్టం.

అమ్మినవాణ్ణి విచారించడం నిబంధన. టేకుమట్ల వైపు వెళితే, అమ్మిన మల్లయ్య లేడు, కథ చెప్పే మేళాన్ని నడిపే తమ్ముడు ఎల్లయ్య ఉన్నాడు. నన్ను దొరా అని పిలిచాడు. పిలవమని నేను అడగలేదు, వద్దని కూడా అనలేదు.

"అమ్మింది నిజమే దొరా. మా అన్నకు తాగుడెక్కువ, తెలివి తక్కువ. గని పటం ఆయనది గాదు."

మరి నీదా అన్నాను.

"నాదెట్లయితది? ఊర్లు నాయి. పటం కథది."

ఊళ్లంటే ఆ ఊళ్లలో కథ చెప్పే హక్కు. పొలం పంచుకున్నట్టు అన్నదమ్ములు ఊళ్లను పంచుకుంటారు. పటాన్ని పంచుకోరు. కోత సంగతి చెప్తే ఎల్లయ్య నవ్వాడు. "ఏడ కోస్తడట? పెండ్లి కాడనా, లడాయి కాడనా? పెండ్లి కాడ కోస్తే పిల్ల ఓ గోడకు, పిలగాడు ఓ గోడకు!" ఆ వెంటనే, పటం రాకుంటే ఈ ఎండకాలం కథ లేదని, మేళమంతా కూలికి పోవాల్సిందేనని చెప్పాడు.

పటం రాయించినవాళ్లే, అంటే బొమ్మలు వేయించినవాళ్లే, యజమానులై ఉండాలనుకుని నర్సింహులపేట దగ్గరి నేతపెద్దలను కలిశాను. ఒక ముసలమ్మ నా ప్రశ్నకే విసుక్కుంది. "మా తాతలు రాయించి ఇచ్చిండ్రు నాయినా. ఇచ్చినంక మాదెట్లయితది? ఇనుడు మాది." పాతబడితే ఏం చేస్తారని అడిగాను. "కొత్తది రాయించి పాతది గంగల కలుపుతం. అది మేము, కథ చెప్పెటోళ్లు కూడి చేసేది. ఒక్కలు చెయ్యొద్దు."

నాదని చెప్పినవాడు నరహరి ఒక్కడే. సొంతదారు కానివాడు అమ్మితే కొన్నవాడికి హక్కు రాదు. యజమాని ఎవరూ విచారణలో తేలలేదని రాసి దరఖాస్తు తిరస్కరించాను.

"మీ గడీలల్ల ఉన్నప్పుడు తప్పు గాదు, మా ఇంట్ల ఉంటే తప్పయిందా సార్?" అన్నాడు నరహరి. అడగదగిన ప్రశ్నే అది. సొంతమని చెప్పుకుంటూ నమోదు లేకుండా ఉంచుకోవడం నేరం కనుక అతను పటాన్ని ఎల్లయ్య మేళానికి తిరిగిచ్చేశాడు.

ఎల్లయ్య కథ జఫర్‌గఢ్‌లో ఒకసారి విన్నాను. నరహరి హాల్లో కొలిచినప్పుడు బొమ్మల కళ్లు మరీ పెద్దవిగా వేశారనుకున్నాను. చాపల మీద వెనక వరుసలోంచి చూస్తే సరిగ్గా ఉన్నాయి.

నేను రిటైరయ్యే ఏడు ఎల్లయ్య ఫోన్ చేశాడు. "గుడ్డ పిగులుతున్నది దొరా. కొత్తది రాయించినం. అందరం కాళేశ్వరం పోతున్నం." పై అధికారికి తెలపడం నా విధి, తెలిపాను. వెంటనే సేకరించమన్నారు. సేకరణ నోటీసు యజమానికి ఇవ్వాలి. యజమాని తేలలేదన్న నా ఉత్తర్వు అమల్లో ఉంది. ఎవరో ఒకరి పేరు రాసి పంపమన్నారు. రాయనన్నాను. పటం గోదావరిలో కలిసింది.

గొప్ప పని పోయిందన్న మాటను నేను కాదనను. మా ఫొటోల్లో కొలతలున్నాయి, ఆ ఎరుపు లేదు. అయితే కళ ప్రైవేటు చేతుల్లో ఉండాలా, ప్రభుత్వం చేతుల్లోనా అని అడిగేటప్పుడు, ఎవరో ఒకరికి అది సొంతం కాక తప్పదని ముందే ఒప్పుకుంటున్నాం. నేను ఉద్యోగమంతా అలాగే ఒప్పుకున్నాను. ఈ పటం ఎవరి సొంతమూ కాకుండా నూరేళ్లకు పైగా నిలిచింది. దానికి కత్తి దగ్గరైంది యజమాని దొరికిన ఆ కొద్ది రోజుల్లోనే.