క్రేన్ కింద నిలబడే చోటు

మా తమ్ముడు గల్ఫ్‌లో క్రేన్ కింద నిలబడి చేతులతో సైగలు చేస్తాడు. పైన అద్దాల గదిలో కూర్చుని ఆ సైగలను బట్టి ఇనుప కడ్డీల కట్టలను లేపేదీ దించేదీ లాహోర్ పక్క ఊరివాడు. కొన్నేళ్లుగా ఇద్దరిదీ ఒకే జంట, ఉండేది ఒకే గది. శుక్రవారం సెలవు రోజున తమ్ముడు వీడియో కాల్ చేస్తే ఆ మనిషి కూడా పక్కనుంచి తొంగి చూసి "అమ్మీ, సలాం" అని మా అమ్మను పలకరించేవాడు. ఒకప్పుడు మగ్గాల పనికి పోయి భివండీలో నేర్చిన హిందీలో అమ్మ తిన్నావా అని అడిగేది. అతని మర్యాద నాకు మాత్రం మొదటినుంచీ గిట్టలేదు. నా గుణమే అంత. ఎవరైనా ఊరికే మంచిగా మాట్లాడితే, ఏం పని పడిందో అని చూస్తాను.

కశ్మీర్‌లో పర్యాటకులను కాల్చి చంపిన వార్త వచ్చినప్పుడు నేను జగిత్యాలలో ఆఫీసులో ఉన్నాను. చనిపోయినవాళ్ల ఇళ్లలో ఏడుపులు టీవీలో చూసి నాకూ కన్నీళ్లు ఆగలేదు. ఆ తర్వాత సరిహద్దు గేటు మూశారు, వీసాలు రద్దు చేశారు, నదీజలాల ఒప్పందం పక్కన పెట్టారు. అక్కడ గల్ఫ్ గదిలో వీళ్లిద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. వంట కూడా వేరైందట. కోరుట్ల బస్సులో మా వాడకట్టులోనే ఉండే ఒకాయన అందరి ముందే అడిగాడు.

"అక్కా, మీ తమ్ముడు ఇంకా గా పాకిస్తానోని క్రేన్ కిందనే నిలవడుతుండా?"

ఇంటికి చేరేదాకా నాకు ఇంకో ఆలోచన లేదు. అంత బరువు, ఒక్కడి చేతిలో మీట, కింద మా వాడు. పొరపాటున జారిందని అతనంటే కాదనేదెవరు? పాత ఫోటోలో ఆ మొహాన్ని వేళ్లతో పెద్దది చేసి చూశాను. మీసం, సగం మూసిన కళ్లు. ఏమీ తెలియలేదు. తెలియకపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది.

సిరిసిల్లలో ఉండే అమ్మకు ఫోన్ చేసి నా భయమంతా చెప్పేశాను. అమ్మ బతుకంతా మరమగ్గాల మధ్యే గడిచింది. మా దగ్గర వాటిని సాంచాలంటారు. సాంచ నడుస్తుండగా పోగును అటూ ఇటూ లాక్కుపోయే నాడె ఒక్కోసారి ఎగిరొచ్చి మనిషికి తగులుతుంది. అందుకే చిన్నప్పుడు మేం కార్ఖానాలోకి పోతే అమ్మ మమ్మల్ని స్తంభం చాటున నిలబెట్టేది. ఇప్పుడు తమ్ముడికీ అదే చెప్పింది.

"ఎదురుంగ నిలవడకు కొడుకా. పక్కకు, కంబం సాటుకు నిలవడు. చెయ్యి మాత్రం బయటికి పెట్టు."

నాకూ సబబుగానే తోచింది. తమ్ముడు అలాగే చేశాడు.

తర్వాతి శుక్రవారం నేను అమ్మ దగ్గరే ఉన్నాను. తమ్ముడు గదిలోనుంచి కాకుండా మెట్ల మీదనుంచి ఫోన్ చేశాడు. గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు.

"నేను కనవడుతలేనని వాడు లోడు గాలిల ఉండంగనే ఆపిండమ్మా. కిందికి దిగి సీదా ఫోర్‌మన్ తానకు పోయిండు. వీడు దాక్కుంటుండు, ఏదో మనసుల పెట్టుకున్నడు అన్నడు. లోడు ఎవలకన్న తాకితే పాకిస్తానోడే చంపిండంటరు, జైల్ల పడేది నేను, గీ ఇండియావాడు నాకద్దు అన్నడు."

అమ్మ భగ్గుమంది. "నా కొడుకు గసొంటోడా? కావాలని ఒకల్ని ఇరికిస్తడా? గంత అనుమానమా వానికి!"

అంటూనే, స్తంభం చాటున నిలబడమన్నది తనేనని గుర్తొచ్చి నా వైపు చూసింది. నేనూ తల దించుకున్నాను.

పెట్టడానికి వేరే జంట లేదని ఫోర్‌మన్ తేల్చేశాడట. కనపడేచోట నిలబడు, లేదంటే టికెట్ తీసుకుని ఇంటికి పో అన్నాడట. ఇంటికొస్తే తమ్ముడికి సాంచాలే దిక్కు, అవేమో సగం రోజులు ఆగే ఉంటున్నాయి. అక్కడే ఉంటే ఆ క్రేన్ కింద నిలబడాలి.

"వానికియ్యి ఫోను," అంది అమ్మ.

"నాతోని మాట్లాడుతలేడమ్మా."

"నాతోని మాట్లాడుతడు. ఇయ్యి."

మెట్లెక్కుతున్న చప్పుడు, తలుపు చప్పుడు. తెర మీదికి ఆ మనిషి వచ్చాడు. గడ్డం పెరిగింది. ఈసారి సలాం చెప్పలేదు. అమ్మ తన భివండీ హిందీలో నేరుగా అడిగేసింది, నా కొడుకును ఏమన్నా చేస్తావా అని.

అతను ఫోన్‌ను మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. ఆ కళ్లలో ఉన్నది కోపమో బాధో నాకు అంతుపట్టలేదు. అతను ఉర్దూలో చెప్పింది ఇంతే. నాకు కనపడేచోట నిలబడమనండి అమ్మీ, కనపడకపోతే నేనేం చేయలేను.

ఆ మాటతో నా అనుమానం తీరలేదు. ఫోన్ మళ్లీ తమ్ముడి చేతికి వచ్చింది. వచ్చెయ్యమని చెప్పు అని నా నోటిదాకా వచ్చింది.

"ముంగటికచ్చి నిలవడు కొడుకా," అంది అమ్మ.

ఫోన్ పెట్టేశాక, అతన్ని నమ్మే చెప్పావా అని అడిగాను.

"నమ్మలే బిడ్డా. వాడు గూడ మనల నమ్మలే. సాటుకు ఉంటే ఇద్దరికి భయమే."

మర్నాడు తమ్ముడు పని దిగి ఫోన్ చేసేదాకా అమ్మ అన్నం ముట్టలేదు. నేనూ ముట్టలేదు.