మ్యూజియం అసిస్టెంట్, ఒక పోస్టు

ఉద్యోగ ప్రకటనలు చదవడం నాకు పాత అలవాటు. కోరుట్లలో విలేకరిగా మొదలుపెట్టిన నాటి నుంచి జగిత్యాలలో రిటైరయ్యే దాకా, జిల్లా పేజీలో ‘ఉద్యోగ సమాచారం’ అనే చిన్న డబ్బా నా చేతి మీదుగానే పోయేది. నాలుగు పేజీల నోటిఫికేషన్‌ను ఎనిమిది లైన్లకు కుదించాలి. అర్హత, వయసు, చివరి తేదీ, దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలి. మిగతాదంతా కత్తెర పాలు. ఇప్పుడు ఏ పనీ లేకపోయినా పొద్దున్నే ఫోన్‌లో జగిత్యాల పేజీ, సిరిసిల్ల పేజీ రెండూ తెరుస్తాను. ఒకప్పుడు రెండూ ఒకే జిల్లా, ఒకే పేజీ. ఇప్పుడు వేరువేరు.

కిందటి వానాకాలంలో సిరిసిల్ల పేజీ అడుగున ఆ డబ్బా కనబడింది. ‘చేనేత మ్యూజియంలో అసిస్టెంట్, ఒక పోస్టు. ఏదైనా డిగ్రీ. మ్యూజియం పనిలో ఐదేళ్ల అనుభవం, ధ్రువపత్రం తప్పనిసరి. వృత్తి శిక్షణ పొందినవారికి ప్రాధాన్యం. వయసు నలభై నాలుగేళ్లు మించరాదు. పది రోజుల్లోగా దరఖాస్తు చేసుకోవాలి.’

రెండోసారి చదవకుండానే ఆ మ్యూజియంలో పనిచేసే ఆమెకు ఫోన్ చేశాను.

“చెల్లె, పేపర్ చూసినవా?”

“పేపరెక్కడిది సారూ, నేనింక బస్సుల్నే ఉన్న. ఏమైంది, మా మ్యూజియం గిట్ల కూలిందా?”

“కూలలె. పోస్టు పడ్డది.”

“ఎవలి కోసం పడ్డదో తెలుసుకోండ్రి. ఒక్క పోస్టంటే ముందుగాల మనిషిని చూసుకున్నంకనే పేపర్ల ఏస్తరు.”

“నీ కోసమే పడ్డదనుకో.”

“అనుకునుడు పదకొండేండ్ల సంది అనుకుంటనే ఉన్న. వచ్చే ఉగాది దాటితె నాకు నలభై అయిదు సారూ. ఇగ అనుకునే పని గూడ ఉండది.”

ఆమెది తంగళ్ళపల్లి. రోజూ మానేరు వంతెన దాటి సిరిసిల్లకు వస్తుంది. తండ్రి గుంట మగ్గం నేసినవాడు. తర్వాత అందరిలాగే సాంచల మీదికి పోయాడు. మేం పేపర్లో మరమగ్గాలని రాసేవాళ్లం గానీ సిరిసిల్లలో ఆ మాట ఎవరూ అనరు, సాంచలే. ఆమె చిన్నప్పుడు తల్లి వెంట కూర్చుని ఆసు పోసింది, అంటే పడుగుకు నూలు సిద్ధం చేసే పని. పెళ్లయ్యాక దూరవిద్యలో డిగ్రీ చదివింది. మ్యూజియం తెరిచినప్పుడు ఒక ఏజెన్సీ ద్వారా అందులో చేరింది.

మ్యూజియం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. రెండు గదులు, ఒక వరండా. ఒక గుంట మగ్గం, రాట్నాలు, ఆసు, పేక నూలు పట్టుకుని అటూ ఇటూ తిరిగే నాడెలు, అద్దాల పెట్టెల్లో పాత చీరలు. ఒక సొసైటీ దాన్ని నడుపుతుంది. ఇన్‌చార్జికి వేరే ఆఫీసులో అసలు ఉద్యోగం ఉంది. వారానికి రెండుసార్లు వచ్చి సంతకాలు పెట్టిపోతాడు. తలుపులు తీయడం, ఊడ్వడం, వచ్చినవాళ్లకు చెప్పడం, చీరలకు పురుగు పట్టకుండా చూడడం, అన్నీ ఈమే.

ఏడేళ్ల కింద నేను మొదటిసారి పోయినప్పుడు కూడా వానే. ఆదివారం పేజీకి ఒక వార్త కావాలి. ఇన్‌చార్జి కుర్చీలో ఉన్నాడు. మగ్గం గురించి అడిగితే, “అది చేనేత మగ్గం, చాలా పురాతనమైనది” అని ఆగిపోయాడు. లోపలి గదిలో ఈమె మగ్గానికి కట్టిన తాళ్లు వదులు చేస్తోంది.

“అదెందుకమ్మా?”

“వాన పట్టింది కద సారూ. తడి గాలికి తాళ్లు బిగుసుకపోతయి. గట్లనే ఉంచితె పడుగు పురాగ గుంజుకపోయి పోగులు తెగుతయి. మగ్గానికి గూడ ఊపిరాడాలె.”

తర్వాత గంటసేపు చెప్పింది. గంజి పెట్టిన పాత పడుగుకు బొద్దింకలు ఎందుకు వస్తాయో, చీరను ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉంచితే అక్కడే ఎందుకు చిరుగుతుందో, ఆర్నెల్లకోసారి మడతలెట్లా మార్చాలో. నేను నోట్‌బుక్ నింపుకుని జగిత్యాల వచ్చి వార్త రాశాను. మంచి వార్త. ఫొటోతో సహా సగం పేజీ. శీర్షిక ‘మగ్గానికీ ఊపిరాడాలి’. లోపల మాత్రం, ‘అని మ్యూజియం ఇన్‌చార్జి వివరించారు’ అని రాశాను.

ఎందుకట్లా రాశానంటే, అట్లాగే రాస్తాం కాబట్టి. చిన్న ఉద్యోగుల పేరు వేస్తే పైవాళ్లు పట్టుకుంటారు, మాట ఎవరిదైనా అధికారి నోట పెట్టాలి. అధికారి చెప్తేనే వార్తకు బరువు. ఇది నాకు సీనియర్లు నేర్పారు. నా కింద పనిచేసినవాళ్లకు నేను నేర్పాను. ఆమెను కాపాడుతున్నాననే అనుకున్నాను. ఆదివారం వార్త చూసుకుని ఆమె ఫోన్ చేసి, “మంచిగ రాసిండ్రు సారూ” అన్నది. అంతకు మించి ఏమీ అనలేదు. అప్పటి నుంచి పండుగకో పబ్బానికో మాట్లాడుకుంటాం.

పోస్టు పడిన మర్నాడు ఇద్దరం కోరుట్ల పోయాం. ఆమెను మ్యూజియంలో పెట్టిన ఏజెన్సీ ఆఫీసు అక్కడ ఉండేది. అనుభవం ధ్రువపత్రం వాళ్లే ఇవ్వాలి. పాత చోట ఇప్పుడు మొబైల్ షాపుంది. అడుగుతూ పోతే ఏజెన్సీ వెనక గల్లీలో మేడ మీదికి మారిందని తెలిసింది. కంప్యూటర్ ముందు కూర్చున్నాయన ఆమె వివరాలు వెతికి తీశాడు.

“ఇగో, ఉన్నవమ్మా. పదకొండేండ్లు. స్వీపర్.”

“నేను మ్యూజియంల పని చేస్తున్న సార్. వచ్చినోళ్లకు చెప్తున్న, సామాన్ల రికార్డు రాస్తున్న.”

“చేస్తవమ్మా, నేను కాదన్ననా? మా దాంట్ల మూడే ఉన్నయి. స్వీపర్, వాచ్‌మన్, అటెండర్. దవాఖానకు పంపినా గవే, కాలేజీకి పంపినా గవే. నాలుగోది ఇండ్ల ఎక్కది.”

“అటెండర్ అన్న రాయరాదుండ్రి.”

“పదకొండేండ్ల జీతం స్వీపర్ కింద తీసుకొని ఇప్పుడు అటెండరంటే ఎట్ల అక్కా? నన్ను లోపలేస్తరు.”

మనిషి చెడ్డవాడు కాదు. మాకు చాయ్ తెప్పించాడు. ‘స్వీపర్‌గా పనిచేసినట్లు’ అని ముద్రవేసి కాగితం ఇచ్చాడు. బస్టాండు దాకా ఆమె ఆ కాగితాన్ని కవర్లో పెట్టలేదు, చేతిలోనే పట్టుకుని నడిచింది.

“శిక్షణ సర్టిఫికెట్ ఏమన్న ఉన్నదా చెల్లె?” అని బస్సులో అడిగాను. నవ్వింది.

రెండేళ్ల కింద హైదరాబాద్ నుంచి సొసైటీకి ఒక ఉత్తరం వచ్చిందట. మ్యూజియాల్లో పనిచేసేవాళ్లకు మూడు రోజుల శిక్షణ, ఒకరిని పంపండి అని. పాత వస్తువులు పాడవకుండా చూసుకోవడం, వాటి కింద వివరాల చీటీలు రాయడం, వచ్చినవాళ్లతో మాట్లాడడం. ఉత్తరం కవరు చింపి ఇన్‌చార్జి టేబుల్ మీద పెట్టింది ఈమే. కానీ పోయింది సొసైటీ ఆఫీసులో ఫైళ్లు చూసే జూనియర్ అసిస్టెంట్. సర్టిఫికెట్ వచ్చేదైతే పర్మనెంట్ మనిషికి రావాలని ఇన్‌చార్జి అన్నాడట. ఆ జూనియర్ అసిస్టెంట్ సర్టిఫికెటు, ఒక సంచీ, ఒక పుస్తకం, ఒక జత తెల్ల గ్లౌజులు పట్టుకుని తిరిగొచ్చాడు.

“గ్లౌజులు నాకిచ్చిండు సారూ. ‘అక్కా, ఉత్త చేతులతోని ఏదీ ముట్టద్దట, ఇవి నీకే పనికొస్తయి’ అన్నడు. మరి నువ్వేం నేర్చుకున్నవు తమ్మీ అంటె, ‘గదే, ముట్టద్దని’ అన్నడు.”

“ఆ సర్టిఫికెట్ ఇప్పుడేది?”

“ఆయనతోనే పోయింది. ఆర్నెల్లకు వేరే ఆఫీసుకు బదిలీ చేయించుకున్నడు. పుస్తకం మాత్రం నాలుగు దినాలు నా దగ్గర పెట్టుకొని మొత్తం రాసుకున్న.”

పుస్తకమంతా చేత్తో రాసుకున్న ఆ నోట్‌బుక్ తర్వాత నాకు చూపించింది. నూట నలభై పేజీల లాంగ్ నోట్‌బుక్. బొమ్మలు కూడా వేసింది.

మూడో రోజు ఇన్‌చార్జి మ్యూజియానికి వచ్చే రోజు. నేనూ పోయాను. ‘ఈమె మ్యూజియం పని చేస్తున్నారు’ అని ఒక్క ముక్క రాసి సంతకం పెడితే దరఖాస్తు నిలబడుతుంది. అడిగాను. ఆయన నన్ను గౌరవంగానే కూర్చోబెట్టాడు.

“పని చేస్తది సార్, ఎవరు కాదంటరు? కానీ కాగితం మీద స్వీపర్. నేను వేరే తీరు రాస్తె రేపు ఎవలన్న అర్జీ పెట్టి, స్వీపర్‌తోని గీ పనులెందుకు చేయించినవని నన్నే అడుగుతరు.”

ఆయన కుర్చీ వెనక గోడకు నా వార్త ఉంది. అద్దం, బంగారు రంగు చట్రం. సగం పేజీ, రంగుల ఫొటో. ఏడేళ్లకు కాగితం కొంచెం పసుపెక్కింది. అది ఫ్రేము కట్టించుకున్నాడని నాకు అప్పటిదాకా తెలియదు.

“ఆ వార్తల మాటలు ఎవరివి సార్?” అన్నాను.

వెనక్కి తిరిగి చూసి, ఓ నిమిషం చదివాడు.

“నావే కద సార్. మీరే రాసిండ్రు.”

వెటకారం కాదు. నిజంగానే నమ్ముతున్నాడు. ఏడేళ్లుగా తన కుర్చీ వెనక వేలాడుతున్న మాట తనది కాదని ఆయన మర్చిపోయాడు. నేను చెప్పడానికి నోరు తెరిచేలోపే ఆమె తలుపు దగ్గర నుంచి, “రాండ్రి సారూ, బస్సు పోతది” అన్నది.

ఏ బస్సూ లేదు. వరండాలోకి వచ్చాక, “ఆయనను గరం చేసి నేనెక్కడికి పోవాలె?” అన్నది. మళ్లీ, “రోజు పొద్దుగాల ఆ అద్దం తుడిచేది గూడ నేనే సారూ” అన్నది.

నాకు చాలా రోజులు గుర్తుండిపోయిన కోపం అది. ఎవరి మీదని తేల్చుకోలేని కోపం. ఇన్‌చార్జి మీద అందామంటే ఆయన నేను రాసింది నమ్మాడు. ఏజెన్సీ మీద అందామంటే వాళ్లకు మూడు పేర్లే తెలుసు. పత్రికలో నేను నేర్చుకున్న పద్ధతి మీద అందామంటే, ఆ పద్ధతిని ఇరవై మందికి నేర్పింది నేను.

దరఖాస్తు పెట్టాం. డిగ్రీ పట్టా, స్వీపర్ కాగితం, నోట్‌బుక్ నుంచి కొన్ని పేజీల జిరాక్సులు, వార్త కత్తిరింపు. దానికి నేనొక ఉత్తరం జతచేశాను: ‘ఈ వార్తలో మగ్గం, చీరల సంరక్షణ గురించి ఉన్న సమాచారమంతా నాకు చెప్పింది ఈ దరఖాస్తుదారే. వార్త రాసినవాడిగా నేను దీనికి సాక్షిని.’ కింద సంతకం.

నెల తర్వాత నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. నాలుగు దరఖాస్తులు. ఆమె పేరు ఎదురుగా ‘అనుభవం: సంబంధం లేనిది’ అని ఉంది. మిగతా ముగ్గురికి అనుభవమే లేదు. అడుగున, ‘అర్హులైన అభ్యర్థులు లేనందున పోస్టు భర్తీ కాలేదు. వచ్చే ఏడాది తిరిగి ప్రకటన ఇవ్వబడును.’ వచ్చే ఏడాదికి ఆమె వయసు దాటిపోతుంది.

ఫోన్లో ఆమె ఏడవలేదు. “ఎవలికన్న వచ్చినా బాగుండు సారూ. ఎవలూ లేరని రాసిండ్రు. నేను గీడ్నే ఉన్న గద” అన్నది.

ఆ సాయంత్రం కూర్చుని మూడు లైన్లు రాశాను. పత్రికలో తప్పు దొర్లితే సవరణ వేయడం మా పద్ధతి. తేదీ, శీర్షిక రాసి, ‘ఆ వివరాలు ఇన్‌చార్జి వివరించినట్లు పొరపాటున ప్రచురితమైంది. వాటిని వివరించింది మ్యూజియంలో పనిచేస్తున్న’ అని, ఆమె పేరు, ఊరు. సొసైటీ మళ్లీ చూడాలంటే అచ్చులో ఒక్క ఆధారమైనా ఉండాలనుకున్నాను. డెస్కులో ఇప్పుడున్నవాడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే.

“ఏడేండ్ల కిందటి వార్తకు ఇప్పుడు సవరణనా సార్?” అన్నాడు.

“తప్పు తప్పే కదరా.”

“అది తప్పెట్లయితది? చిన్న ఉద్యోగుల పేరు వెయ్యద్దు, వాళ్లకే నష్టం అని మీరే కద సార్ చెప్పిండ్రు. నేనిప్పటికీ పిలగాండ్లకు గదే చెప్తున్న.”

వాదించాను. మేనేజర్‌ను అడుగుతానన్నాడు. వారం చూశాను, రెండు వారాలు చూశాను. రాలేదు. మళ్లీ చేస్తే ఫోన్ ఎత్తలేదు.

ఆ మూడు లైన్లు టైపు చేయించి, సంతకం పెట్టి, సిరిసిల్ల బస్సెక్కాను. పోయేసరికి వాన మొదలైంది. ఇన్‌చార్జి రాలేదు. ఆమె కాగితం తీసుకుని నిలబడి చదివింది. తన పేరు దగ్గర వేలు పెట్టి ఇంకోసారి చదివింది.

“ఆ ఫ్రేము కింద అంటిద్దామా?” అన్నాను.

“వద్దు. అంటిస్తె ఆయన నన్నడుగుతడు. మీరు జగిత్యాల పోతరు.”

కాగితాన్ని మడిచి నోట్‌బుక్‌లో పెట్టుకున్నది.

“గీ ముక్క అప్పుడు రాయాల్సింది సారూ” అన్నది. గొంతు పెంచలేదు.

బయట వాన పెరిగింది. ఆమె లోపలి గదిలోకి నడిచింది. నేను మగ్గానికి అడ్డంగా నిలబడి ఉన్నాను.

“జరగండ్రి,” అన్నది. “తాళ్లు వదులు చెయ్యాలె.”