గుట్ట బొమ్మలో లేని చేను

టేకులపల్లి అవతల మా ఊరి గుట్ట మీద మంచు పడింది. నిండు ఎండాకాలం, బయట రోళ్లు పగిలే ఎండ. నేను కళ్లారా చూశాను. నాతోపాటు ఊళ్లో సగం మంది చూశారు... సరే, సగం మంది కాదు, మా మేనల్లుడొక్కడే. పడింది కూడా గుట్ట మీద కాదు, వాడి కంప్యూటర్లో లేచిన గుట్ట మీద.

వాడు మణుగూరు కాలనీలో పిల్లలకు కంప్యూటర్ నేర్పేవాడు. ఆ ఏడు సెలవులకు వస్తూ ఆ పెట్టెను బస్సులో ఒళ్లో పెట్టుకుని మోసుకొచ్చాడు. కొండల్నీ గుట్టల్నీ ఉన్నవి ఉన్నట్టు పుట్టించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఇంటర్నెట్‌లో దొరికిందట. ఉపగ్రహం కొలిచిన ఎత్తులు అందులో పోస్తే గుట్ట ఆకారం దానంతటదే లేస్తుంది. మట్టి ఏ రంగు, చెట్లెక్కడ, ఎండ ఏ పక్కనుంచి కొట్టాలి, ఇవన్నీ మనం చెప్పాలి. చెప్పకపోతే తయారుచేసినవాళ్ల దేశపు అలవాటుకొద్దీ నెత్తిన మంచు పోస్తుంది.

నాకు మొదటినుంచీ అనుమానమే.

"మనిషి ఎక్కకుండ గుట్ట ఎత్తు ఎట్ల తెలిసిందిరా దానికి?"

"పైనుంచి చూసింది మామా."

"ఎవర్నడిగి చూసింది?"

వాడు నవ్వి, "సర్వేల పనిచేసినవ్ గదా, ఎక్కడేముందో నువ్వే చెప్పు" అన్నాడు. అక్కడ దొరికిపోయాను. నేను సర్వేయర్ వెనక గొలుసు లాగే చైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. కారేపల్లి నుంచి మణుగూరు దాకా నా కాలు పడని గుట్ట లేదని ఊళ్లో నాకు పేరు. ఆ పేరు పెట్టుకున్నది నేనే.

"ఈ ఏటవాలు పక్కన ఏముంది మామా?"

"చీకటి కోనరా! మిట్టమధ్యాహ్నం లాంతరు పట్టుకుని గొలుసు లాగినం. గొలుసు ఆ కొసన పులి పండుకుంది. అది లేచేదాంక కొలత ఆపినం."

వాడు పులిని వదిలేసి అడవిని నమ్మాడు. ఏటవాలంతా ఒక్క నొక్కుతో చెట్లు నాటేశాడు. మంచు కరిగించాడు. పొద్దున మొదలుపెడితే, పైనుంచి గుడ్డ దించుతున్నట్టు వరస తరువాత వరస గీసుకుంటూ ఆ బొమ్మ పూర్తయ్యేసరికి సాయంత్రమైంది. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయి మళ్లీ మొదటికొచ్చింది. కొత్తగూడెంలో రంగుల్లో అచ్చు తీయించి తెచ్చాడు. నేను దాన్ని వసారా గోడకు అంటించి, వచ్చినవాళ్లందరికీ "ఉపగ్రహం దింపిన బొమ్మ. రేపు ఆఫీసర్లు చూసేది దీన్నే" అని చెప్పాను. ఏ ఆఫీసరూ అడగలేదు. నోరు ఊరుకోలేదు, అంతే.

పోడు చేసుకునేవాళ్లకు హక్కు పత్రాలిస్తామని ప్రభుత్వం దరఖాస్తులు తీసుకుంటున్న రోజులవి. ఎవరు ఎప్పటినుంచి సాగు చేస్తున్నారో గ్రామసభలో పాతవాళ్లు సాక్ష్యం చెప్పొచ్చు. గూడెంలో ఒక కోయ ఆమె ఉండేది, నన్ను అన్నా అని పిలిచేది. భర్త పోయాక కూడా గుట్ట మీద పోడు చేను ఒక్కతే చేసుకునేది. ఆ చేనుకు సాక్షిని నేనే. ఎన్నడో నా గొలుసుతోనే దాన్ని కొలిచానని ఆమెకు మాటిచ్చి ఉన్నాను.

ఆమె వచ్చి బొమ్మ ముందు నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఇదేనా మన గుట్ట?"

"అవ్ చెల్లె. అచ్చంగ దింపినం."

"గా ఏటవాలు మీద నా చేను ఏది?"

చూశాను. చేనున్న చోట నేను చెప్పిన చీకటి కోన ఉంది.

"గిది ఉత్త బొమ్మ చెల్లె."

"ఉత్త బొమ్మయితే ఆఫీసర్లు చూస్తరని ఊరంత ఎందుకు చెప్పినవ్? నా చేను చెట్ల కింద దాచిపెట్టుమని ఎవరు చెప్పిన్రు నీకు?"

మరునాటికి ఈ మాట గూడెమంతా పాకింది. బొగ్గు గనుల కోసమే గీయించారని ఒకరు, కంచె వేస్తారని ఇంకొకరు. నేను హోటల్ దగ్గరికి పోతే బల్ల మీద మాటలు ఆగిపోయేవి. నా అనుమానం నాకూ ఉంది. అంత మంచి సాఫ్ట్‌వేర్ ఎవడైనా ఊరికే ఇస్తాడా? మేనల్లుణ్ణి పట్టుకుని గట్టిగా అడిగాను.

"మామా, చెట్లు పెట్టమన్నది నువ్వే గదనే" అన్నాడు వాడు.

ఆ తెల్లారి ఆమె మళ్లీ వచ్చింది. "నా చేన్ల ఇప్పచెట్లెన్ని?"

పోడు కొట్టేటప్పుడు అన్ని చెట్లూ కొడతారు గానీ ఇప్పచెట్టు మీద గొడ్డలి వెయ్యరు. పూవుకూ కాయకూ దాన్ని వదిలేస్తారు. చేను మధ్య అవి అట్లాగే నిలబడి ఉంటాయి. చేను తొక్కినవాడికి ఆ లెక్క తెలియకుండా ఉండదు.

"నాలుగు" అన్నాను. ఆమె నా మొహమే చూస్తోంది. "ఐదేమో."

"నడువ్" అంది.

ముగ్గురం బయలుదేరాం. సగం దారిలో నాలుగుసార్లు కూలబడ్డాను. ఆమె వెనక్కి తిరిగి, "ఏమైందన్నా, పులి గిట్ల అడ్డమొచ్చిందా?" అనేది. నా పులి కథ ఆమె దగ్గర వాగిన మేనల్లుడు తల వంచుకుని నడిచాడు.

చేను గట్టున ఏరి పోసిన రాళ్ల వరస, పాత మంచె గుంజలు. ఇప్పచెట్లు లెక్కపెట్టాను. ఏడు.

అక్కడ చెప్పేశాను. "చెల్లె, నేను ఈ గుట్ట ఎక్కుడు ఇదే మొదలు. గుట్టల మీద గొలుసు వేరేటోళ్లు లాగేటోళ్లు. నేను కింద క్యాంపుల అన్నం వండేటోన్ని."

"బొమ్మ చూసేదాంక నిన్ను నమ్మిన" అంది. "ఊళ్లె నీకన్న పాత మనిషి లేడు. రేపు సభల ఏం చెప్తవ్?"

కిందికి చూస్తూ కూర్చున్నాను. మా ఇంటి పెంకులు, వాకిట్లో దండెం కనిపించాయి. దండెం చూడగానే గుర్తొచ్చింది.

గ్రామసభలో లేచి నిలబడ్డాను. "ఆ చేను నేను కొలవలేదు. నిన్ననే మొదటిసారి చూసిన" అన్నాను. జనం గొల్లున నవ్వారు. రాసుకునేవాడు కలం ఆపాడు. "కానీ ప్రతి ఎండాకాలం ఆ ఏటవాలు మీద పోడు కాల్చిన పొగ మా వాకిట్లకొస్తది. మా పెద్దబిడ్డ పుట్టిన ఏడు, దండెం మీద దాని బట్టలన్నీ మసైతే నా భార్య వీళ్లాయన్ని తిట్టింది. ఆ బిడ్డకు ఇప్పుడు పదో తరగతి చదివే కూతురుంది."

"ఆ పొగ ఈమె చేనిదే అని ఏంది నమ్మకం?" అని ఎవరో అడిగారు.

"ఆ పక్క ఇంకో చేను లేదు. ఆ తిట్లకు బదులుగ వీళ్లాయన చాటెడు జొన్నలు తెచ్చిచ్చిండు. అప్పటినుంచి ఏ ఏడూ ఆగలేదు. ఇంట్ల ఇంకా ఉన్నయ్, చూస్తరా?"

నవ్వు ఆగింది. కలం కదిలింది.

మేనల్లుడు బొమ్మ మళ్లీ చేశాడు. ఏటవాలు మీద చెట్లు తీసేసి చేను పరిచాడు. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఇప్పచెట్టు లేదు, ఏదో పరాయి దేశపు చెట్లు ఏడు పెట్టాడు. ఆమె తెర మీద వేలు పెట్టి లెక్కపెట్టింది. "గివి ఇప్పచెట్లు కావు" అంది. ఆ బొమ్మ ఎక్కడా అంటించొద్దని చెప్పి పోయింది.

చాలా రోజులకు ఆమె హక్కు పత్రం పట్టుకుని మా వసారాలోకి వచ్చింది. ఆత్రంగా చెయ్యి చాపాను. నా చేతికివ్వలేదు. రెండు చేతులతో నా కళ్ల ముందు పట్టుకుంది.

"చదువన్నా" అంది. "అందుల ఏం రాసున్నదో గదే చదువు."

అదే చదివాను.