బస్సులో నేర్చుకున్న థాయ్ మాట

నాలుగేళ్ల కిందట, నేను పనిచేసే ఒమాన్‌లో సమాయిల్ నుంచి వచ్చే బస్సులో, పక్క సీటు పెద్దాయన ఫోన్‌లోంచి ఒక ఆడగొంతు "చెప్, చెప్" అంటుంటే తెలుగేమో అనుకుని తిరిగి చూశాను. ఆయన ఒమానీ. నవ్వి, హిందీలో చెప్పాడు.

"థాయ్ భాష నేర్చుకుంటున్నా, భాయ్. నొప్పి అని అర్థం. వచ్చే వారం మా ఆవిడకు బ్యాంకాక్‌లో ఆపరేషన్."

అరబ్బీలో చ, ప లేవు కాబట్టి ఆయన నోట అది "జెబ్" అవుతోంది.

"అక్కడ ఇంగ్లిష్ వచ్చినోళ్లు ఉంటరు గద బాబా?" అన్నాను.

"నర్సుకు రాకపోతే? ఈమె ఎంత బాధైనా పైకి అనదు. ముఖం చూసి నేనే చెప్పాలి."

"మా భాషల చెప్ అంటే బోలో అని."

ఆ మాట ఆయనకు నచ్చింది. నేను దిగే రుసైల్ దాకా నేను అనడం, ఆయన అనడం. చివరికి సరిగ్గా పలికాడు. ముందు సీట్లో ఉన్న ఆయన భార్య వెనక్కి తిరిగింది. ఏమైనా కావాలా అని ఆయన చేత్తో అడిగాడు. ఏమీ వద్దని ఆమె తల ఊపింది. నేను దిగిపోయాను.

ఆపరేషన్ ఎలా జరిగిందో తెలియదు. జగిత్యాల నుంచి మా ఆవిడ ఫోన్‌లో "మంచిగనే ఉన్న" అంటే మాత్రం, నిజంగనేనా అని ఇంకోసారి అడుగుతాను. ఒక్కోసారి అప్పుడు నడుము నొప్పి సంగతి చెబుతుంది.